మగవాడికి శాలువా, ఆడబిడ్డకు నిందా?

మేము రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాళ్ళం. చదువంతా తమిళ మీడియం. తెలుగులో తప్పులుంటే మన్నించండి, విషయాన్ని మాత్రం వదలకండి.

పోయిన ఉగాదికి వంటపని పంచుకునేటప్పుడు మా చెల్లెలి పేరు కొట్టేశారు. తాగుతున్నప్పుడు కాదండీ, వైద్యం చేయించుకుని, మానేసి ఎనిమిది నెలలైన తరువాత! ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. అంతకుముందు ఏడాది తాగుడు మానిన ఒక అన్నయ్యకు ఇదే సంఘం శాలువా కప్పింది. మేమూ చప్పట్లు కొట్టాం. అది తప్పు కాదు. ఆడబిడ్డకు ఆ చప్పట్లు ఎందుకు లేవు?

మా తప్పూ చెప్పుకుంటాం. మా తాత తాగేవాడు. జీతం రోజున నాన్న ఇల్లు చేరేలోగా సగం జీతం సారాకొట్లో కరిగిపోయేది. "మగవాళ్ళు, ఏం చేస్తాం" అని సరిపెట్టుకున్నాం. అదే చెల్లెలికి పట్టినప్పుడు పరువు పోతుందని నాలుగేళ్ళు దాచాం. ఈ రోగానికి దాదాపు సగం కారణం వంశంలోనే ఉంటుందని వైద్యులు అంటారు. ఆడవాళ్ళ కాలేయం తక్కువ తాగినా త్వరగా చెడుతుందనీ అంటారు. అంటే ఆమెకు రోగం ఇచ్చింది మా వంశం, దాన్ని ముదరబెట్టింది మా పరువు.

మన మద్రాసులోనే శాంతి రంగనాథన్ గారు తాగుడువల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో ఆయన పేరిట సంస్థ పెట్టారు. అదే నేటి టి.టి.కె. ఆసుపత్రి. రోగితోపాటు ఇంటివాళ్ళకూ వైద్యం కావాలన్నారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. వాళ్ళు మనవాళ్ళేనని వేదికెక్కి గొప్పలు చెప్పుకుంటాం. ఊళ్ళో సారాతో పోరాడిన ఆడవాళ్ళకు దండం పెట్టి, ఒంట్లో సారాతో పోరాడి గెలిచిన ఆడదాన్ని వంటింటి గడప దాటనివ్వమా?

"పిల్లలు చూస్తారు" అంటారు కొందరు. చూడనివ్వండి. తాగుడు మానవచ్చని నేర్చుకుంటారు. పిల్లలు చూడకూడనిది ఇంకొకటుంది: మన కార్యక్రమం అయ్యాక మేడమీద తెరిచే సీసాలు. వాటి గురించి ఎవరూ నోరెత్తరు.

తాగుడు మాన్పించడం ఆసుపత్రి పని. మానినవాళ్ళను ఒంటరిగా వదలకపోవడం మన పని. వచ్చే వినాయక చవితి వంటపని జాబితాలో చెల్లెలి పేరు రాయండి. మేడమీది సీసాలు ఆపండి. కాదంటే, ఆమె పేరు పక్కనే మా పేరూ కొట్టేయండి.