చమురు బావి ఎండిపోతే మూసేదెవరు? ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?

నల్గొండ నుంచి మాడుగులపల్లి టోల్‌గేటు మీదుగా మిర్యాలగూడ వెళ్లే దారిలో, కాలువ నీళ్లు అందని పొలాల్లో ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. రిగ్గు లారీ వస్తుంది, బోరు వేస్తుంది. నీళ్లు పడినా పడకపోయినా డబ్బు తీసుకుని వెళ్లిపోతుంది. ఫెయిలైన బోరు రైతుకు మిగులుతుంది. అలా వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. పూడ్చే ఖర్చు మాత్రం రైతు జేబులోంచే.

ఇప్పుడు ఇదే ప్రశ్న కోనసీమకు తీసుకెళ్దాం. అక్కడి బావులు కిలోమీటర్ల లోతు ఉంటాయి. లోపల నీళ్లు కాదు, ఒత్తిడితో ఉన్న గ్యాస్, చమురు ఉంటాయి. ఉత్పత్తి అయిపోయాక బావిలో పలుచోట్ల సిమెంటుతో బిగించాలి, ఇనుప కేసింగ్‌ను నేలమట్టం కంటే కిందికి కోసి మూత వేయాలి, సామగ్రి తీసేసి భూమిని పాత స్థితికి తేవాలి. కంపెనీ అప్పటికే చేతులెత్తేస్తే ఈ పనంతా ఎవరు చేస్తారు?

అందుకే ముందుగానే పూచీ అడుగుతారు. హైదరాబాద్‌లో అద్దెకున్న వాళ్లకు ఇది కొత్త కాదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు అంటూ ఓనర్ అడ్వాన్సులోంచి కోత పెడతాడు కదా, అదే సూత్రం. తేడా ఒక్కటే, అడ్వాన్సు ఓనర్ చేతిలో ఉంటుంది. చమురు బావుల విషయంలో తిరకాసు అక్కడే ఉంది.

సూర్యాపేట జిల్లాలో మట్టంపల్లి, మేళ్లచెర్వు వైపు ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనులను చూడండి. లెక్క స్పష్టంగా ఉంటుంది. వేలం ద్వారా కాకుండా లీజు పొందిన గని అయితే, తవ్వకానికి వాడుతున్న భూమికి హెక్టారు చొప్పున ఆర్థిక హామీ ఇవ్వాలి. 2021 నవంబరు సవరణతో అది ఏ కేటగిరీ గనులకు 3 లక్షల నుంచి 5 లక్షల రూపాయలకు, బీ కేటగిరీకి 2 లక్షల నుంచి 3 లక్షలకు పెరిగింది. బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్, ష్యూరిటీ బాండు లాంటి రూపాల్లో ఇవ్వవచ్చు. గడువులోగా తుది మూసివేత ప్రణాళిక ఇవ్వకపోతే ఆ హామీని ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. ఈ సొమ్ముతో అంత పెద్ద గుంత పూడుతుందా అన్నది వేరే చర్చ. కానీ పూచీ ప్రభుత్వం చేతికి అందేంత దగ్గరలో ఉంది.

చమురు, గ్యాస్‌ది వేరే దారి. ఇక్కడ ప్రధాన ఏర్పాటు 1999 నాటి సైట్ రిస్టొరేషన్ ఫండ్ పథకం. మూసివేతకు అయ్యే ఖర్చును దృష్టిలో పెట్టుకుని కంపెనీ స్టేట్ బ్యాంకులోని ప్రత్యేక ఖాతాలో డబ్బు జమ చేస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 33ఏబీఏ సెక్షన్ దీనికి పన్ను మినహాయింపు ఇచ్చింది. జమ చేసిన మొత్తం, లాభంలో 20 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంత. తీసిన డబ్బును వేరే అవసరానికి వాడితే పన్ను పడుతుంది. పథకం చెడ్డది కాదు. కానీ మినహాయింపు లాభంతో ముడిపడింది. లాభాలు తగ్గే కొద్దీ జమ చేసే ఉత్సాహమూ తగ్గుతుంది. బావి ముసలిదయ్యాకే కదా మూసే ఖర్చు దగ్గరపడేది!

మరి బ్యాంకు గ్యారంటీలు ఉంటాయి కదా అంటారా? ఉంటాయి. కానీ క్షేత్రాలు కేటాయించేటప్పుడు తీసుకునే గ్యారంటీ ముఖ్యంగా ఒప్పుకున్న పనికి సంబంధించినది. సర్వే చేస్తామని, ఇన్ని బావులు తవ్వుతామని చెప్పి చేయకపోతే వసూలు చేసుకోవడానికి. తవ్వించడానికి పెట్టిన పూచీని మూయించే పూచీ అనుకోకూడదు.

ఇన్నాళ్లూ దీని గురించి ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. కారణం ఓఎన్‌జీసీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేయదు. కానీ 2015లో కేంద్రం చిన్న క్షేత్రాల విధానం తెచ్చింది. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా కనుగొని పక్కన పెట్టిన క్షేత్రాలు, కేజీ బేసిన్‌లోనివి కూడా, వేలానికి వెళ్లాయి. పాత బావుల్లో ఉత్పత్తి పెంచే పని కాంట్రాక్టు సంస్థలకూ ఇస్తున్నారు. ఆపరేటర్ చిన్నదయ్యే కొద్దీ పూచీ పెద్దదవ్వాలి. అద్దె ఇంటికైనా కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడి దగ్గరే ఎక్కువ అడ్వాన్సు అడుగుతారు.

ఇంకో అపోహ కూడా ఉంది. మూసివేత నిధి బ్లోఅవుట్‌కు కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిన మంట 65 రోజులు మండింది. 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో మళ్లీ గ్యాస్ ఎగజిమ్మి మంటలు లేచాయి, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. ఇలాంటప్పుడు బాధితులకు తక్షణ పరిహారం కోసం 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ఉంది. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే సంస్థలు దీని కింద బీమా తీసుకోవాలి. ప్రభుత్వ సంస్థలు సొంత నిధి పెట్టుకుంటే మినహాయింపు పొందవచ్చు. కొబ్బరి తోట కాలిన రైతు అడగాల్సింది ఈ డబ్బు సంగతి, మూసివేత నిధి గురించి కాదు.

పూచీ చిన్నదైతే ఏమవుతుందో అమెరికాలో తేలిపోయింది. అక్కడి ఫెడరల్ భూముల్లో ఒక లీజుకు కనీస బాండు 10 వేల డాలర్లే. 1960లో పెట్టిన ఆ అంకె ఆరు దశాబ్దాలకు పైగా కదల్లేదు. కంపెనీలు దివాళా తీసి బావులు అనాథలయ్యాయి. చివరికి వాటిని మూయడానికి 2021 మౌలిక వసతుల చట్టంలో 470 కోట్ల డాలర్ల ప్రజాధనం కేటాయించాల్సి వచ్చింది. 2024లో కనీస బాండును లక్షా 50 వేల డాలర్లకు పెంచుతూ నిబంధన తెచ్చారు. అప్పటికే పుట్టిన అనాథ బావుల బిల్లు మాత్రం జనం మీద పడింది.

మన దగ్గర 1948 నాటి చమురు క్షేత్రాల చట్టాన్ని 2025లో సవరించారు. అంతకుముందు ఉల్లంఘనకు జరిమానా ఎంతో తెలుసా? వెయ్యి రూపాయలు, లేదా ఆరు నెలల జైలు. ఇప్పుడు 25 లక్షల రూపాయల దాకా, ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 లక్షల దాకా. మంచి మార్పే. కానీ జరిమానా కట్టడానికి కంపెనీ అంటూ ఒకటి మిగలాలి. ప్రైవేటు ఆపరేటర్ల విషయంలో బావి లెక్కన, ప్రభుత్వం నేరుగా నగదు చేసుకోగల గ్యారంటీ కావాలన్నది ఈ డెస్క్ అభిప్రాయం. ఏ బ్లాకు నిధిలో ఎంత ఉందో వెబ్‌సైట్‌లో పెట్టాలి కూడా.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఉంది. ఓఎన్‌జీసీ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. మీ ఊరి బావి ఏ స్థితిలో ఉంది, మూసివేత ప్రణాళిక ఉందా, ఆ క్షేత్రం పేరిట ఎంత జమైంది, బావి కాంట్రాక్టు సంస్థ చేతిలో ఉంటే మూసే బాధ్యత ఒప్పందంలో ఎవరిది అని దరఖాస్తులో అడగండి. పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే అక్కడా ఇవే అడిగి, మినిట్స్‌లో రాయించండి. ఒక్క జాగ్రత్త. 2020 జనవరి సవరణ తర్వాత అన్వేషణ దశ బావులకు ఆ సభ తప్పనిసరి కాదు. కాబట్టి ఉత్పత్తి దశ సభ కోసం కనిపెట్టుకుని ఉండాలి.