సగంలో ఆగిన పాత కారును పూర్తి చేసేవారికి అమ్మండి



2021 ఆగస్టులో కేంద్రం వాహనాల తుక్కు విధానం తెచ్చినప్పటి నుంచి పాత బండ్ల మీద పత్రికల్లో చర్చ నడుస్తూనే ఉంది. ఆ చర్చలోకి రాని బండ్లు కొన్ని మా వైపు ఉన్నాయి. నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలో, నిమ్మతోటల దగ్గరి రేకుల షెడ్లలో, పాత ఇండ్ల వెనక కొట్టాల్లో అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు, మహీంద్రా జీపులు కనిపిస్తాయి. మళ్లీ కొత్తగా చేయించుకుందామని యజమానులు వాటిని ప్రేమతో విప్పించారు. డబ్బు అయిపోయో, మేస్త్రీ దొరకకో, ఇంట్లో పెండ్లి పడో పని సగంలో ఆగింది. నేను నకిరేకల్‌లో కార్ల మెకానిక్‌ని. "అన్నా, అమ్మాల్నా, ఉంచుకోవాల్నా?" అని ఆ యజమానులు నన్ను అడుగుతుంటారు. అందరికీ చెప్పే జవాబే మీ పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నాను.

ఏడాది లోపల పని మళ్లీ మొదలుపెట్టడానికి డబ్బు, పని తెలిసిన మనిషి, ఈ రెండూ మీ చేతిలో లేకపోతే ఆ బండిని అమ్మేయండి. తూకానికి తుక్కు కింద వద్దు, విడిభాగాలుగా వద్దు. ఉన్నది ఉన్నట్టు, కాగితాలతో సహా, పూర్తి చేయగలిగిన వారికి ఇవ్వండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అసలు ముట్టని బండి కంటే సగం విప్పిన బండి తొందరగా చెడుతుంది. పాత రంగు ఎంత వెలిసినా ఇనుముకు కొంత కాపలా కాస్తుంది. దాన్ని గీకేసి ప్రైమర్ కొట్టి వదిలేస్తే, ఆ ప్రైమర్ తడిని ఆపదు, పీల్చుకుంటుంది. లప్పం కూడా అంతే. పైకి బూడిదరంగులో శుభ్రంగా కనిపిస్తుంటే లోపల తుప్పు పాకుతుంటుంది. మట్టి నేల మీద నిలబెడితే వానాకాలమంతా కింది నుంచి చెమ్మ కొడుతుంది. హెడ్డు విప్పిన ఇంజనులో సిలిండర్ గోడలకు తుప్పు పడుతుంది, పిస్టన్లు పట్టేస్తాయి. ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి, సీట్లకు చెదలు పడతాయి. విప్పిన బోల్టులు, క్లిప్పులు, బీడింగులు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఏది ఎక్కడిదో తెలిసిన మేస్త్రీ ఊరు వదిలిపోతే, ఉన్న సామాను కూడా గుర్తుపట్టేవారుండరు.

అంబాసిడర్, పద్మిని విషయంలో ఇది ఇంకా పెద్ద సమస్య. జీపుకు కింద విడిగా చాసిస్ ఉంటుంది; బాడీ తుప్పు పట్టినా మార్చుకోవచ్చు. ఈ రెండు కార్లకు బాడీయే చాసిస్. ఫ్లోరు, తలుపుల కింది సిల్లు తినేస్తే బండి బలమే పోయినట్టు. ఆ దశలో పైపై ప్యాచ్ వేసి రంగు కొడితే చూడటానికి బాగుంటుంది, కూర్చున్నవారి ప్రాణానికి మాత్రం భరోసా ఉండదు.

కాబట్టి ముందు పని ఏ దశలో ఆగిందో చూడండి. టింకరింగ్ అయిపోయి, లోపలా బయటా రంగు పడి, ఇంజను తిరిగి బిగించి ఉంటే ఆ బండి ఆగగలదు. సీట్లు, లైనింగు, నికెల్ పూతల వంటివి మీ వీలును బట్టి చేయించుకోవచ్చు. అలాంటి బండిని అమ్మమని నేను ఎవరికీ చెప్పను. ఇనుము బయటపడి, ఇంజను విప్పి ఉంటే మాత్రం అది ఆగలేదు. ప్రతి వానాకాలం దాని మీద ఖర్చును పెంచుతూనే ఉంటుంది.

"మా నాయిన బండి, ఎట్ల అమ్ముతం?" అనేవారి బాధ నాకు తెలుసు. ఊరికంతటికీ ఒకే కారు ఉన్న రోజుల్లో పెండ్లికొడుకులను ఊరేగించింది, పురిటి నొప్పుల ఆడబిడ్డలను నల్లగొండ ఆస్పత్రికి చేర్చింది, ఎన్నికల్లో మైకు కట్టుకుని తిరిగింది ఇవే. ఆ గౌరవం ఉన్నందుకే నా మాట వినమంటున్నాను. ఆ తండ్రి రోజూ తుడిచి నడిపిన బండిని తలుపులు లేకుండా, టైర్లు నేలకు అంటుకుపోయేలా వదిలేయడం ఆయనను గౌరవించడం కాదు. ఎవరి చేతిలోనైనా సరే, అది మళ్లీ రోడ్డెక్కితేనే ఆయన కష్టం నిలుస్తుంది.

కొందరు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని రోల్స్ రాయిస్‌ను ఉదాహరణగా చెబుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారైన పసుపు రంగు సిల్వర్ గోస్ట్ అది. 1911లో ఆయన కన్నుమూశారు. తర్వాతి కాలంలో ఆ కారు ఏండ్ల తరబడి మూలన పడి ఉండి, మరమ్మతు తర్వాత ఇప్పుడు జనమంతా చూసేలా నిలబడింది. అన్నేండ్లు ఆగినా అది లేచింది కదా, మనదీ లేస్తుందిలే అంటారు. దానికి ప్యాలెస్ గోడలున్నాయి, ఖర్చు భరించే వారసులు వచ్చారు. మన రేకుల షెడ్డులోని బండికి ఆ రెండూ ఎక్కడివి?

ఇక ధర. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చంతా కలిపి అడిగితే ఏ బండీ అమ్ముడుపోదు. కొనేవాడు మీరు పెట్టిన డబ్బును లెక్కగట్టడు, తాను పెట్టాల్సిన డబ్బును లెక్కగడతాడు. పోయింది పోయింది. ఇంకో రెండు వానాకాలాలు ఆగితే ఇప్పుడు వచ్చే ధర కూడా రాదు. గ్రిల్లు ఒకరికి, డోర్లు ఒకరికి అమ్మితే చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయేమో గానీ, మిగిలిన దాన్ని ఎవరూ బాగుచేయలేరు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. మన రహదారికి ఒక చివర హైదరాబాద్ రాణిగంజ్, ఇంకో చివర విజయవాడ ఆటోనగర్ ఉన్నాయి కాబట్టి వెతికితే ఇప్పటికి సామాను దొరుకుతోంది. పాత నమూనాల సామాను మాత్రం ఏటేటా తగ్గిపోతోంది.

కాగితాల దగ్గరే ఎక్కువ బేరాలు చెడుతున్నాయి. ఆర్‌సీ ఇంకా తండ్రి పేరు మీదే ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. తర్వాత అమ్మకానికి ఫారం 29, 30. కొనేవారు వేరే రాష్ట్రం వారైతే ఫారం 28తో ఎన్‌వోసీ. ఊరికే సంతకం చేసిన కాగితాలు చేతిలో పెట్టి పంపకండి. రికార్డులో పేరు ఎవరిదుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు రూపం చెడగొట్టకపోవడం కూడా ముఖ్యం. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మార్చని వాహనాలకు 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు వస్తుంది. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. రుసుము 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. పెట్రోలు ఖర్చుకు భయపడి మన వైపు చాలా అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు బిగించారు. మీ బండి అసలు ఇంజను ఏ మూలనైనా పడి ఉంటే దాన్ని పారేయకండి, బండితోపాటే ఇవ్వండి.

అమ్మాలని నిర్ణయించుకున్నాక చేయాల్సింది కష్టమేమీ కాదు. విప్పిన సామానంతా ఒకచోట చేర్చి, సంచుల్లో కట్టి, మీద పేర్లు రాయండి. ఏ పని అయింది, ఏది కాలేదో కొనేవారికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కువ ఇచ్చేవాడికంటే పూర్తి చేసే స్తోమత, షెడ్డు, ఓపిక ఉన్నవాడికి ముందు మాటివ్వండి. అతను ఇంతకు ముందు చేయించిన బండి ఏదైనా ఉంటే వెళ్లి చూసి రండి.

ఉంచుకోవాలని నిర్ణయించుకున్నవారికీ ఒక మాట. ఈ నెలలోనే బండిని మట్టి నేల మీది నుంచి లేపి దిమ్మెల మీద పెట్టించండి, బయటపడ్డ ఇనుముకు రంగు వేయించండి, ఇంజను మూయించండి. అదైనా చేయలేమంటే మీ నిర్ణయం అయిపోయినట్టే. వచ్చే మృగశిర కార్తె లోపల బండిని మంచి చేతుల్లో పెట్టండి.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్,
నకిరేకల్, నల్లగొండ జిల్లా.