జీన్ మన తప్పు కాదు, ఆలస్యాన్ని మాత్రం ఒప్పుకోవద్దు



సికిల్ సెల్ టెస్టుల పుణ్యమా అని జీన్ అనే మాట మన గూడేలకు కొత్త కాదు. మనం తెలుసుకోవాల్సిన జీన్ ఇంకోటి ఉంది: సివైపి1బి1. హార్మోన్లను, విటమిన్ ఏ ను, పొగలోని విషాలను ఒంట్లో మార్చే ఒక ఎంజైమ్ దీన్నిబట్టే తయారవుతుంది. కడుపులో బిడ్డ కన్ను ఏర్పడేటప్పుడూ దీనికి పని ఉంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిన కాపీలే వస్తే, కంటి లోపలి నీరు పోయే దారి సరిగా ఏర్పడదు. ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతింటుంది. ఇదే పుట్టు నీటికాసులు, అంటే గ్లకోమా. ఈ జీన్‌కీ జబ్బుకీ ఉన్న సంబంధం 1997లో బయటపడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మంది పిల్లల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000కు ఒకరు. స్లొవేకియాలో వెలివేతకు గురైన రోమా జనంలో 1,250కి ఒకరు. బయటి సంబంధాలు తక్కువైన చోట, దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువైన చోట ఇలా జరుగుతుంది. "అడవోళ్ల రక్తమే అంత" అనేవాళ్లకు ఒకటే జవాబు: ఆ 3,300 లెక్క రాష్ట్రం మొత్తానిది, మేనరికం మైదానంలోనూ ఉంది.

తల్లిని నిందించడమూ మానుదాం. చెడిన కాపీ ఒక్కొక్కటే ఉన్న తల్లిదండ్రులకు చూపు బాగానే ఉంటుంది. అలాంటి ఇద్దరికి ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం, అంతే.

మనం పోరాడాల్సింది ఆలస్యంతో. పసిబిడ్డ కళ్లు మరీ పెద్దవిగా ఉన్నా, నల్లగుడ్డు మసకబారినా, వెలుగు చూడలేక కళ్లు మూసుకున్నా, ఊరికే నీళ్లు కారినా అది అందం కాదు, దిష్టీ కాదు. పసర్లు పోయకుండా వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తొందరగా ఆపరేషన్ చేస్తే చూపు నిలబడే అవకాశం ఎక్కువ. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం 2013లో పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకంలో, పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో పుట్టు శుక్లాలు ఉన్నాయి, పుట్టు నీటికాసుల పేరు లేదు. దాన్ని చేర్చమని అడుగుదాం. ఏజెన్సీలో ప్రతి కాన్పు దగ్గరా బిడ్డ కళ్లు చూసేలా ఆశా అక్కలకు శిక్షణ ఇమ్మని ఐటీడీఏకు అర్జీ పెడదాం. చదువుకున్న మనమే అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

మీ గూడెం వాట్సాప్ గ్రూపుల్లో పంచండి.