అట్టముక్క గిటారూ, ఏకాండ వీణా

పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి మా ఇంట్లో గోడకి ఆనించి ఉన్న నా ఎలక్ట్రిక్ గిటార్‌ని చూశాడు. చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. కొబ్బరికాయ కొనేముందు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో వెనకవైపు రెండుసార్లు కొట్టాడు. "ఇదేమిటే, అట్టముక్క కొన్నావా!" అని నవ్వేసి మళ్ళీ గోడకి ఆనించేశాడు. తీగ ఒక్కటంటే ఒక్కటి కూడా మీటలేదు.

అన్నయ్యకి గిటార్లంటే ప్రేమే. న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. ఇంటి బేస్‌మెంట్‌లో ఐదు పాత గిటార్లు దాచుకున్నాడు. వాటి గురించి అడిగితే మూడు సంగతులు చెప్తాడు: ఏ చెక్క, ఏ కంపెనీ, ఏ సంవత్సరం. ఈ మూడూ వింటుంటే నాకు మా డిపార్టుమెంటు గుర్తొస్తుంది. సాహిత్యంలో డాక్టరేటు చేసే రోజుల్లో నేను చూసిన పెద్ద విమర్శకుల్లో చాలామంది పుస్తకాలని ఇలాగే తూచేవారు. ఏ సంప్రదాయం, ఎవరి శిష్యరికం, ఏ యుగం అని అడిగేవారు. ఆడవాళ్ళ కథల పుస్తకమైతే అట్ట మీద పేరు చూసి, వెనక రెండుసార్లు కొట్టి, పక్కన పెట్టేసేవారు. అందుకే అన్నయ్య నవ్వుకి జవాబు చెప్పాలనిపించింది. స్త్రీవాద పత్రికలో గిటార్ గోలేమిటని అడగబోయే స్నేహితురాళ్ళకీ ఇదే నా జవాబు.

ముందు ఆ అట్టముక్క సంగతి చూద్దాం.

నాది డానెలెక్ట్రో గిటార్. 1950ల నాటి నమూనాని అనుసరించి ఈ మధ్యకాలంలో తయారుచేసినది. సెకండ్‌హ్యాండ్‌లో 22 వేలకి కొన్నాను. కాంట్రాక్టు లెక్చరర్‌కి అదేం చిన్న మొత్తం కాదు. కానీ గిటార్ల ప్రపంచంలో దీన్ని చవక సరుకనే అంటారు. నేథన్ డేనియల్ అనే ఆయన 1947లో న్యూజెర్సీలోని రెడ్‌బ్యాంక్‌లో ఈ కంపెనీ పెట్టాడు. మా అన్నయ్య ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టని ఊరది. మొదట యాంప్లిఫయర్లు చేసి, 1954 నుంచి గిటార్లు మొదలుపెట్టాడు. చెక్క చట్రానికి ముందూ వెనకా మేసొనైట్ పలకలు బిగించేవారు. మేసొనైట్ అంటే చెక్క పీచుని ఆవిరితో మెత్తబరిచి, గట్టిగా ఒత్తి చేసిన హార్డ్‌బోర్డు. పరీక్షలకి మనం పట్టుకెళ్ళే అట్ట ఆ జాతిదే. కాబట్టి అన్నయ్య అబద్ధం చెప్పలేదు. అంచుల్లో అతుకు కనపడకుండా వినైల్ పట్టీ అంటించేవారు. తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్పులదింకో కథ. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ చుట్టి, దాన్ని లిప్‌స్టిక్ గొట్టాల్లో అమర్చేవారు. నేను పోలిక కోసం చెప్తున్న మాట కాదిది. అవి నిజంగా లిప్‌స్టిక్ కోసం తయారైన లోహపు గొట్టాలే. ఇప్పటికీ వాటిని లిప్‌స్టిక్ పికప్పులనే పిలుస్తారు.

ఈ గిటార్లు చాలావరకు సియర్స్ కంపెనీ కాటలాగ్ ద్వారా, సిల్వర్‌టోన్ అనే పేరుతో, పోస్టులో ఇళ్ళకి చేరేవి. 1962లో వచ్చిన ఒక మోడల్‌కి గిటార్ పెట్టెలోనే యాంప్లిఫయర్ అమర్చి, రెండూ కలిపి 70 డాలర్లలోపే అమ్మారు. ఈ కాటలాగ్ అమ్మకాన్ని ఉత్త వ్యాపార కిటుకుగా చూడకూడదు. అమెరికా దక్షిణాదిలో జాతి వివక్ష చట్టంగా నడిచిన కాలంలో, దుకాణంలో తెల్లవాళ్ళందరి పనీ అయ్యేదాకా ఒక పక్కన నిలబడాల్సిన అవమానం లేకుండా నల్లవాళ్ళు తమకి కావలసింది తెప్పించుకునే దారి సియర్స్ కాటలాగ్ చూపించిందని చరిత్రకారులు రాశారు.

దుకాణంలో నిలబడటమంటే ఏమిటో నాకూ కొంచెం తెలుసు. నేను మొదట వెళ్ళిన వాద్యాల షాపులో కుర్రాడు "ఎవరికి మేడమ్, బాబుకా?" అని అడిగాడు. నాకే అన్నాను. అతను గులాబీరంగు గిటార్ ఒకటి దించాడు. గోడ మీది ఎలక్ట్రిక్ గిటార్‌ని యాంప్లిఫయర్‌కి తగిలించి వినిపించమంటే, లేడీస్‌కి అకూస్టిక్ అయితే మెత్తగా బావుంటుందని సలహా ఇచ్చాడు. వినకుండా ఎలా కొనాలి? నా తర్వాత వచ్చిన ఇంటర్ కుర్రాడికి అడక్కుండానే తగిలించి ఇచ్చాడు. ఇలాంటిదే ఇంకో దేశంలో ఇంకో అమ్మాయికీ జరిగింది. జోన్ జెట్ మొదటి గిటార్ కూడా సియర్స్‌దే. అమ్మాయిలు రాకెన్‌రోల్ వాయించరని నేర్పే మాస్టారే అన్నాడని ఆవిడ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆవిడ ఆ క్లాసు మానేసింది కానీ గిటార్ మానలేదు. 2015లో రాకెన్‌రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడ బృందానికి చోటు దొరికింది.

ఇక 'వింటేజ్' అనే మాట. ద్రాక్షతోటల నుంచి వచ్చిన మాట అది. ఫలానా ఏటి పంట, ఫలానా ఏటి సారా అని చెప్పుకోవడానికి పుట్టింది. డానెలెక్ట్రో 1966లో పెద్ద సంస్థకి అమ్ముడుపోయి, 1969లో మూతపడింది. పిల్లలు వాయించి అటక మీద పడేసిన గిటార్లే తర్వాత వింటేజ్ అయి కూర్చున్నాయి. ఎలా? లెడ్ జెప్లిన్ బృందంలోని జిమ్మీ పేజ్ 1970లలో 'కశ్మీర్' పాటని వేదికల మీద డానెలెక్ట్రోతో వాయించాడు. అలాంటి పెద్దచేతుల్లో పడ్డాక అట్టకీ గొట్టాలకీ కొత్త అర్థాలు పుట్టాయి. అంతకుముందు డొల్ల అన్నదాన్ని 'ప్రతిధ్వని' అన్నారు. 'పలుచన' అన్నది 'స్పష్టత' అయింది. 1990ల చివర్లో ఆ పేరు కొనుక్కున్నవాళ్ళు పాత నమూనాలనే మళ్ళీ తయారుచేయించి అమ్మడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు రాసినంతకాలం 'వంటింటి ముచ్చట్లు' అనిపించుకున్న వస్తువు, ఒక ప్రసిద్ధ రచయిత ముట్టుకోగానే 'దైనందిన జీవన చిత్రణ' అయిపోవడం మనం చూడనిదా?

విలువ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకి ఇంకో జవాబు ఫెండర్ ఫ్యాక్టరీలో ఉంది. అబిగైల్ ఇబారా అనే ఆవిడ 1956లో కాలిఫోర్నియాలోని ఆ ఫ్యాక్టరీలో చేరి, పికప్పులకి రాగితీగ చుట్టే పనిలో దశాబ్దాలు గడిపింది. ఒక్కో పికప్పుకి వేల చుట్లు చుట్టాలి. తీగ తల వెంట్రుక కన్నా సన్నం. ఎక్కువ లాగితే తెగుతుంది, వదులైతే మోత మారుతుంది. పాత ఫెండర్ల నాదం అద్భుతమని సేకర్తలు గంటలు గంటలు మాట్లాడుకున్నారు. ఆ నాదంలో చెక్కకీ కంపెనీ పెట్టిన లియో ఫెండర్‌కీ వాటా ఇచ్చారు. తీగ చుట్టిన చేతులు చాలాకాలం ఎవరికీ గుర్తురాలేదు. చివరికి ఆవిడ పొడి అక్షరాలున్న పికప్పులకి ప్రత్యేకమైన ధర పలికింది. ఆవిడ 2013లో రిటైరయింది. అంటే చుట్టినన్నాళ్ళూ అది ఫ్యాక్టరీ పని, ఆడవాళ్ళ ఓపిక. మార్కెట్టుకి అవసరమయ్యాక అది కళ. నాణ్యత మాత్రం మొదటి రోజు నుంచీ ఆ చేతుల్లోనే ఉంది కదా!

అయితే గిటార్‌ని ఎలా తూచాలి? నేను తూచిన పద్ధతి చెప్తాను. చిన్నప్పుడు ఐదేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని కాబట్టి మెట్ల భాష నాకు వచ్చు. దండి మీద కన్ను పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి చూశాను. వంకర లేదు. ప్రతి తీగనీ ఉత్తగా మీటి, తర్వాత 12వ మెట్టు మీద నొక్కి మీటాను. కచ్చితంగా పై షడ్జమం పలకాలి. ఐదు తీగలు పలికాయి. లావుపాటి ఆరో తీగ కొంచెం పైకి పోయింది. బ్రిడ్జి మీద తీగలు ఆనే చెక్క ఒకే ముక్క కావడంతో ఒక్కో తీగనీ విడిగా సరిదిద్దే వీలు లేదు. ఇది లోపం. మెట్ల చివర్లు చేతికి గీరుకున్నాయి. సన్నటి ఆకురాయి పెట్టి ఒక ఆదివారమంతా నున్నగా చేసుకున్నాను. ట్యూబులైటు కింద కూర్చుంటే రొద చేస్తుంది. వాల్యూమ్ మీట తిప్పినప్పుడు చిటపటమంటుంది. ఇవన్నీ లోపాలే.

మరి గుణాలు? మూడు కిలోలు కూడా లేదు. నాలుగు కిలోలు దాటే ఘనమైన గిటార్లు భుజాన వేసుకుని గంటసేపు నిలబడి చూసినదాన్ని కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు. ఒక్కో స్వరం విడివిడిగా, కంచుగంట మోగినట్టు పలుకుతుంది. చాలా గిటార్లలో రెండు పికప్పులూ కలిపితే నాదం మెత్తబడుతుంది. ఇందులో వాటిని పండగ సీరియల్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి కలిపారు. రెండూ వేయగానే నాదం బలిసి మీదకొస్తుంది. తీగ లాగితే గమకం చెదరకుండా నిలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ వెనక వేలితో కొడితే తెలియదు.

ఇక మా ఇంట్లో ఏకాండ వీణ గురించి. మా అమ్మది బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగ నుంచి తొలిచిన వీణ. అతుకన్నది లేదు. అన్నయ్య అడిగే మూడు ప్రశ్నలకీ దాని దగ్గర గొప్ప జవాబులున్నాయి. ఆ పనితనాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. తాతయ్య దాన్ని అమ్మ పదహారో ఏట కొన్నాడు. పెళ్ళిచూపుల్లో అమ్మ దాని మీద రెండు కీర్తనలు వాయించింది. పెళ్ళయ్యాక అది బీరువా మీదకి ఎక్కింది. ఏటా దసరాకి దించి, బొట్టు పెట్టి, మళ్ళీ ఎక్కించేవాళ్ళం. ఎవరైనా వస్తే నాన్నగారు "ఏకాండ అండీ" అని చూపించేవారు. అమ్మ వాయించగా నేను విన్నది వేళ్ళ మీద లెక్కపెట్టగలను. మెట్లు నిలబెట్టిన మైనం ఎప్పుడో ఎండి పగిలిపోయింది. ఆ వీణ నాణ్యత గురించి మా ఇంటికొచ్చిన మగవాళ్ళందరూ మాట్లాడారు. ఒక్కరైనా "ఏదీ, వాయించమ్మా" అనలేదు.

వాద్యం విలువకి ఇంతకంటే పెద్ద పరీక్ష నాకు తెలియదు. అది ఎవరి చేతికి అందింది? అందిన చేతిని పాడనిచ్చిందా?

ఇక్కడితో ఆపితే చప్పట్లు పడతాయి. కానీ మనవాళ్ళతో పేచీ ఒకటి మిగిలింది. చవకది కాబట్టి, అణగారినవాళ్ళది కాబట్టి మంచిదే అనడం కూడా తీగ మీటకుండా తీర్పు చెప్పడమే. మన సభల్లో ఎన్నో పుస్తకాలని "గొంతు విప్పింది" అనే ఒక్క ముక్కతో భుజం తట్టి పంపించేశాం. ఆరో తీగ అపస్వరం పలుకుతోందని ఆ రచయిత్రితో మనమెవరమూ అనలేదు. నేనూ అనలేదు. అది దయ అనుకున్నాం. నిజానికి ఆమెని సాటి కళాకారిణిగా లెక్కచేయకపోవడం అది. షాపు కుర్రాడు నాకు గులాబీరంగు గిటార్ దించిన మర్యాదకీ దీనికీ తేడా ఎంత?

చవక అన్న మాటని కూడా అమాయకంగా వాడలేం. ఈ రోజు మన చేతికందే ధరలో గిటార్లు దొరుకుతున్నాయంటే ఆసియా ఫ్యాక్టరీల్లో ఎవరి కూలి ఎంత తక్కువో అడగాలి. దక్షిణ కొరియాలో, పెద్ద పెద్ద బ్రాండ్లకి గిటార్లు చేసిపెట్టిన కోర్ట్ కంపెనీ 2007లో కార్మికులని తీసేసి ఉత్పత్తిని వేరే దేశాలకి తరలించింది. వాళ్ళు పోరాడి పోరాడి ఒప్పందానికి వచ్చేసరికి 2019 అయింది. నా గిటార్ ఆ ఫ్యాక్టరీది కాదు. అయినా 'పెట్టిన డబ్బుకి తగిన విలువ' అని రాసే ఏ సమీక్షలోనైనా ఆ పన్నెండేళ్ళకి ఒక వాక్యం ఉండాలని నా పట్టు. ధరలో కనపడని చేతుల లెక్క తీయడం మన విమర్శకి మొదటి నుంచీ తెలిసిన పనే.

కాబట్టి నా తీర్పు ఇది. నా అట్టముక్క గిటార్ మంచి వాద్యం, గొప్ప వాద్యం కాదు. ఆరో తీగ దానికి ఎప్పటికీ బలహీనతే. 22 వేలకి నేను మోసపోలేదు. ఈ మాట అనడానికి నాకు అర్హత ఎలా వచ్చిందంటే, నేను దాన్ని ఏడాదిగా రోజూ వాయిస్తున్నాను. ఎడమచేతి వేళ్ళ చివర్లు కాయలు కాశాయి. ఏ పుస్తకానికైనా తీర్పు చెప్పేముందు అంత కాపురం చెయ్యమనే నేను విమర్శకుల్ని అడుగుతున్నాను. మగ విమర్శకుల్నీ, మనల్నీ.

ఆ మధ్య అమ్మ వచ్చినప్పుడు గిటార్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు తడుముతూ కూర్చుంది. ఏ చెక్క అని అడగలేదు. "సా ఎక్కడే?" అంది. వేలు పట్టుకుని చూపించాను.

అన్నయ్య వచ్చే సంక్రాంతికి మళ్ళీ వస్తానన్నాడు. ముందు తీగ మీటమంటాను. ఆ తర్వాత ఏమన్నా కూర్చుని వింటాను.