సైజు ఎందుకు పోయిందో చెప్పగలరా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా, బీటెక్ మెకానికల్ చదివేవాళ్లందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: 'సీఎన్‌సీ కోర్సు చేసేయప్పా, కియా పక్కనే ఉంది, ఉద్యోగం గ్యారంటీ.' సీఎన్‌సీ నేర్చుకోమన్నంత వరకూ అది మంచి సలహానే. ఆ గ్యారంటీ అన్న మాట దగ్గరే నా అనుమానం. కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది కోడ్‌లు. జి00 అంటే ర్యాపిడ్, జి01 అంటే కటింగ్ ఫీడ్, ఎం03 అంటే స్పిండిల్ తిప్పు. రెండు వారాలు కూర్చుంటే ఎవరికైనా నోటికొస్తాయి. షాపులో మిమ్మల్ని అడిగేది అది కాదు. చేతిలో ఒక జాబ్ పెట్టి, 'నిన్నటిదాకా బాగానే వచ్చింది, ఇవాళ సైజు పోయింది, ఎందుకు?' అంటారు. బటన్ నొక్కి జాబ్ మార్చడం మాత్రమే వచ్చినవాళ్లు ఆపరేటర్లుగానే ఉండిపోతారు. కారణం పట్టుకోగలిగినవాళ్లు సెట్టర్లవుతారు, తర్వాత ప్రోగ్రామర్లవుతారు. జీతం మారేది కూడా అక్కడే.

ముందు కియా సంగతి మాట్లాడుకుందాం. 2017లో ఒప్పందం, 2019 డిసెంబరులో ప్రారంభం, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి ఆ ఫ్యాక్టరీ మన ప్రాంతం ముఖం మార్చేసింది, కాదనలేం. కానీ కార్ల ఫ్యాక్టరీ అంటే ప్రధానంగా రేకులు ప్రెస్ చేయడం, బాడీ వెల్డింగ్, పెయింట్, అసెంబ్లీ. లోహాన్ని మైక్రాన్ల లెక్కన కోసే పని ఎక్కువగా జరిగేది విడిభాగాల కంపెనీల్లో, వాటికి పని చేసిపెట్టే చిన్న జాబ్ షాపుల్లో. హిందూపురంలో రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా బెంగళూరు. అక్కడి పీణ్య నిండా అలాంటి షాపులే. స్థానికులకే 75 శాతం ఉద్యోగాలని 2019లో మన రాష్ట్రం చట్టం కూడా చేసింది. సరే, స్థానికుణ్ని తీసుకోమని చట్టం చెప్పగలదు గానీ, అతన్ని సెట్టర్‌గా తీసుకోమని చెప్పలేదు కదా.

ధర్మవరం పిల్లలకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది, వాళ్లకే తెలియదు. ఇంట్లోనో పక్కింట్లోనో జకార్డ్ మగ్గం చూసే ఉంటారు. చిల్లులు పొడిచిన అట్టలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతుంటే బుటా, అంచు పడుతుంటాయి. జకార్డ్ ఆ పద్ధతిని ఫ్రాన్స్‌లో తెచ్చింది 1804 ప్రాంతంలో. 1952లో అమెరికాలోని ఎంఐటీలో మొట్టమొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మిషన్ నడిపి చూపించినప్పుడు, దానికి ఆజ్ఞలు వెళ్లింది కూడా చిల్లుల టేపు మీదే. అట్టకీ సీఎన్‌సీ ప్రోగ్రామ్‌కీ చుట్టరికం ఉందన్నమాట.

అంతకన్నా పనికొచ్చేది నేతగాడు తప్పు పట్టుకునే తీరు. డిజైన్ తిరిగొచ్చిన ప్రతిసారీ అదే చోట తప్పు పడుతోందంటే అట్ట చూస్తాడు. చీర పొడవునా ఒకే గీతలా తప్పు సాగిపోతోందంటే అట్టల జోలికి పోడు, పైన హుక్కో దారమో చూస్తాడు. తప్పు ఎలా తిరిగొస్తోంది అన్నదాన్ని బట్టి ఎక్కడ వెతకాలో తేల్చుకుంటాడు. సీఎన్‌సీ షాపులో చేయాల్సిందీ అచ్చంగా ఇదే.

టర్నింగ్ సెంటర్ మీద 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ వేస్తున్నారనుకోండి. మొదటి జాబ్ నుంచి అన్నీ 25.03 వస్తున్నాయి. అది ఆఫ్‌సెట్ సంగతి. వేర్ ఆఫ్‌సెట్‌లో ఎక్స్‌కి మైనస్ 0.03 ఇస్తే తీరిపోతుంది. (ఇక్కడ సగం చేసి 0.015 ఇచ్చేవాళ్లుంటారు. లేత్‌లో ఎక్స్ మామూలుగా వ్యాసం లెక్కలోనే ఉంటుంది, సగం చేయక్కర్లేదు.) అలా కాకుండా పొద్దున 25.00తో మొదలై, యాభయ్యో జాబ్‌కి 25.02, వందో జాబ్‌కి 25.04 అయిందంటే ఇన్సర్ట్ అరుగుతోంది. ఉన్నట్టుండి ఒక్కసారిగా దూకితే ఇన్సర్ట్ మొన విరిగిందా, టూల్ వదులైందా, జా మధ్య చిప్ ఇరుక్కుందా చూడాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, వరస లేకుండా వస్తుంటే క్లాంపింగ్ చూడండి, దానికంటే ముందు మీరు మైక్రోమీటర్ పట్టుకునే తీరు చూసుకోండి.

ఇంకో రకం ఉంది, ఇంటర్వ్యూల్లో అడగడానికి భలే అనువైనది. నేరుగా ఉన్న వ్యాసాలన్నీ కరెక్టు, టేపర్ దగ్గర, రేడియస్ దగ్గర మాత్రం సైజు తప్పు. కొత్తవాళ్లు వెంటనే మిషన్‌ని అనుమానిస్తారు. మిషన్ తప్పయితే నేరుగా ఉన్న వ్యాసాలు ఎలా సరిపోతాయి? ఇన్సర్ట్ మొన సూదిలా ఉండదు, దానికి 0.4 లేదా 0.8 మిల్లీమీటర్ల రేడియస్ ఉంటుంది. తిన్నగా కోసేటప్పుడు దాని ప్రభావం సైజులో కనపడదు, ఏటవాలుగా కోసేటప్పుడు కనపడుతుంది. అంటే నోస్ రేడియస్ కాంపెన్సేషన్, జి41 గానీ జి42 గానీ, ప్రోగ్రామ్‌లో మర్చిపోయారు, లేదా ఆఫ్‌సెట్ పేజీలో రేడియస్ విలువ వేయలేదు.

ఎండాకాలం సంగతి వేరుగా చెప్పాలి. మేలో మన షాపుల్లో వేడి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 100 మిల్లీమీటర్ల ఉక్కు, 10 డిగ్రీల వేడికి దాదాపు 11, 12 మైక్రాన్లు పెరుగుతుంది. డ్రాయింగ్ మీద ఉన్న కొలత 20 డిగ్రీల దగ్గరి కొలత. మిషన్‌లోంచి తీసిన జాబ్‌ని వేడి మీదే కొలిచి, ఎక్కువుందని ఆఫ్‌సెట్ తగ్గించేస్తే చల్లారాక అండర్‌సైజ్. ఓవర్‌సైజ్ జాబ్‌ని మళ్లీ కోయొచ్చు, అండర్‌సైజ్ అయితే స్క్రాపే. కంగారుపడి ఆఫ్‌సెట్ ముట్టుకోకపోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే.

సైజు పోతే జాబ్ పోతుంది. కొన్ని తప్పులకి మనుషులకే ప్రమాదం. జి96 ఇస్తే కటింగ్ స్పీడ్ ఒకేలా ఉంచడానికి, వ్యాసం తగ్గేకొద్దీ మిషన్ ఆర్‌పీఎం పెంచుకుంటూ పోతుంది. స్పీడ్ నిమిషానికి 150 మీటర్లు అనుకుంటే, 40 మిల్లీమీటర్ల దగ్గర దాదాపు 1,194 ఆర్‌పీఎం చాలు. ఫేసింగ్ చేస్తూ 4 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి దానికి 11,900 పైన కావాలి. అంత వేగంలో చక్ జాల పట్టు సడలి జాబ్ ఎగిరిపోవచ్చు. అందుకే ముందు జి50తో గరిష్ఠ ఆర్‌పీఎం కట్టేస్తారు. చుక్క సంగతీ అంతే. చాలా ఫానుక్ కంట్రోళ్లలో, సెట్టింగ్‌ని బట్టి, చుక్క లేకుండా ఎక్స్50 అని కొడితే మిషన్ దాన్ని 50 మైక్రాన్లు అనుకుంటుంది. 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగాల్సిన టూల్ ర్యాపిడ్‌లో జాబ్ మధ్యలోకి దూసుకొస్తుంది. కొత్త ప్రోగ్రామ్‌ని సింగిల్ బ్లాక్‌లో, ర్యాపిడ్ బాగా తగ్గించి నడపడం భయస్తుల పని అనుకోకండి. అనుభవమున్న సెట్టర్లు చేసేది అదే.

మరి ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలి? కోర్సులో చేరేముందు ఫీజు కన్నా ముందు రెండు అడగండి: ఒక మిషన్‌కి ఎంతమంది? నా చేత్తో నేను టూల్ సెట్ చేసి, ఆఫ్‌సెట్ వేసి, లోహం కోస్తానా? స్క్రీన్ మీద సిమ్యులేషన్ మాత్రమే అయితే ఫీజు ఎందుకు, కామోటిక్స్ లాంటివి ఇంట్లో ఉచితంగానే నడుపుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ, సీఐటీడీ, విజయవాడలోనూ శాఖ నడుపుతోంది. దాని కోర్సుల వివరాలు చూడండి. రోజూ ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి: ఏ తప్పు, ఎన్నో జాబ్‌కి, ఏం మార్చాను, ఏమైంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫీడ్, స్పీడ్, ఇన్సర్ట్ మూడూ ఒకేసారి మార్చేస్తే జాబ్ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో మీకు తెలీదు. ఆ నోటుబుక్కు ఇంటర్వ్యూలో టేబుల్ మీద పెడితే, నా దృష్టిలో, సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఇది అమ్మాయిల పని కాదనేవాళ్ల మాట పట్టించుకోకండి. ఇప్పుడు చెప్పినవాటిలో కండబలం కావాల్సింది ఏముంది?

మొదటి ఉద్యోగం విషయంలో నా మాట ఇంట్లోవాళ్లకి నచ్చకపోవచ్చు. పెద్ద కంపెనీ బోర్డు కింద కాంట్రాక్టులో ప్యాకింగ్ చేసేకన్నా, పది మిషన్ల జాబ్ షాపులో ఏడాది గడపడం మేలు. జీతం తక్కువే, పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి పేరుండదు. కానీ ఈ వారం షాఫ్ట్, వచ్చే వారం బుష్, ఆ తర్వాత ఫ్లాంజ్ వస్తుంటే, సెట్టింగ్ మార్చడం రోజువారీ పనైపోతుంది. ఇంట్లో డబ్బు అవసరం గట్టిగా ఉంటే మాత్రం ముందు జీతమే చూసుకోండి, తప్పేం లేదు. అప్రెంటిస్‌షిప్ అయితే డిప్లొమా, డిగ్రీవాళ్లకి నాట్స్, ఐటీఐవాళ్లకి న్యాప్స్ ఉన్నాయి. రెండిట్లోనూ స్టైపెండ్ వస్తుంది. సంతకం పెట్టేముందు ఒప్పందంలో మీ ట్రేడ్ పేరు ఏముందో చదవండి. టర్నర్ అనో, మెషినిస్ట్ అనో ఉంటే, మిమ్మల్ని ఏడాదంతా ట్రాలీ తోయించినప్పుడు ఆ కాగితం చూపించి అడగొచ్చు.