ఆదోని అమ్మాయి మోకాలు

ఎమ్మిగనూరు నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. మొదటి పేజీన్నర ఉగ్గాని గురించే. బొరుగులు ముద్దయిపోతున్నాయట. నీళ్ళలో నాననివ్వొద్దమ్మా, ముంచి వెంటనే గట్టిగా పిండేయి. అంతే. అసలు సంగతి రెండో పేజీ చివర మొదలైంది.

ఆమె కూతురికి పదిహేనేళ్ళు. వీధిలో అన్నలతో ఆడీ ఆడీ వేగంగా బౌలింగ్ చేయడం నేర్చుకుంది. ఇప్పుడు సెలవు రోజుల్లో ఆదోని దాకా వెళ్ళి ఆడి వస్తోంది. నెలన్నరగా కుడి మోకాలు నొప్పి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందట. ఇంట్లో నాయనమ్మ "ఆడపిల్లకు ఈ బంతులాట యాలమ్మా, రేపు కుంటిదయితే ఎవరు చేసుకుంటారు?" అని రోజూ అంటున్నారట. చివర ఈ చెల్లెలు రాసిన మాట చూడండి: "అక్కా, ఆదోని అంజలికి కూడా మోకాలే కదా దెబ్బతిన్నది. అంత పెద్ద ఆటగత్తెకే అట్లయితే మా పిల్ల ఎంత? మానిపించేదా?"

ఆ ఉత్తరం రెండు రోజులు నా టేబుల్ మీదే ఉంది. ఊరికే "మానిపించకండి" అని రాయడం తేలిక. నొప్పి పడేది నేను కాదు కదా!

ముందు అంజలి సంగతి చెప్పుకుందాం. అంజలి శర్వాణి 1997 జూలైలో ఆదోనిలో పుట్టింది. ఎడమచేతి వాటం పేస్ బౌలర్. ఆంధ్ర జట్టులో ఎదిగి, తరువాత రైల్వేస్ తరఫున ఆడింది. 2022 సెప్టెంబరులో లార్డ్స్ మైదానంలో ఝులన్ గోస్వామి ఆట నుంచి తప్పుకుంది. ఆమె లేని లోటు ఎవరు తీరుస్తారా అని అందరూ అనుకుంటున్న రోజుల్లోనే, డిసెంబరు 9న నవీ ముంబైలో ఆస్ట్రేలియా మీద ఆడే భారత జట్టులో మన ఆదోని అమ్మాయికి చోటు దొరికింది. అప్పటికి ఆమెకు ఇరవై అయిదేళ్ళు. రెండు నెలలు తిరక్కుండానే దక్షిణాఫ్రికాలో టీ20 ప్రపంచకప్ జట్టులో పేరు. అదే ఫిబ్రవరిలో మహిళల ప్రీమియర్ లీగ్ తొలి వేలంలో యూపీ వారియర్స్ ఆమెను 55 లక్షలకు తీసుకుంది. పత్తి ధర ఎంత పలికిందని అడిగే ఊళ్ళో ఆ వారం ఈ ధర గురించి మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు!

తరువాత 2023 సెప్టెంబరులో చైనాలో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. మన మహిళల క్రికెట్ జట్టు ఆసియా క్రీడలకు వెళ్ళడం అదే మొదలు. ఆ జట్టులో రాయలసీమ పిల్లలు ఇద్దరున్నారు. ఆదోని అంజలి ఒకరు, అనంతపురం జిల్లా బారెడ్డి అనూష ఇంకొకరు. తీరా ప్రయాణం దగ్గర పడేసరికి అంజలి మోకాలికి గాయం. ఆమె బదులు పూజా వస్త్రకర్ వెళ్ళింది. సెమీఫైనల్లో బంగ్లాదేశ్ మీద నాలుగు వికెట్లు తీసింది. సెప్టెంబరు 25న శ్రీలంకను 19 పరుగుల తేడాతో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం మెడలో వేసుకున్నారు. అనూష కూడా పతకంతో ఇంటికి వచ్చింది.

ఆ రోజు టీవీ ముందు కూర్చున్న అంజలి మనసు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించి రాయను. కానీ పెళ్ళికి అన్నీ సర్దుకుని, బయల్దేరే రోజున జ్వరంతో మంచమెక్కిన అనుభవం మనలో చాలామందికి ఉంది. దానికి వంద రెట్లు అనుకోండి.

ఇక్కడో చిత్రం. అంజలి బదులు వెళ్ళిన ఆ పూజ కూడా తరువాత గాయంతోనే 2025 లీగ్‌కు దూరమైంది. అంటే ఇది ఒక్క ఆదోని పిల్ల దురదృష్టం కాదు, ఆ పనిలోనే ఉన్న కష్టం. ఝులన్‌నే చూడండి. 2018 ఫిబ్రవరిలో కింబర్లీలో వన్డేల్లో 200 వికెట్లు తీసిన తొలి మహిళ అయింది. ఆ సంబరం తీరకముందే మడమ నొప్పితో మిగతా పర్యటన పోయింది. అప్పుడామెకు ముప్ఫై అయిదేళ్ళు. "ఇక చాలు" అనడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. ఆమె మాత్రం మరో నాలుగున్నరేళ్ళు ఆడి, 255 వికెట్లతో ఆపింది.

ఎందుకిలా అవుతుందంటే, వేగంగా పరిగెత్తుకొచ్చి బంతి విసిరే క్షణంలో ముందరి కాలు నేలకు గట్టిగా తాకుతుంది. ఆ కాలి మీద పడే బలం శరీర బరువుకు అయిదారు రెట్లు. యాభై కిలోల పిల్ల అనుకుంటే రమారమి మూడు క్వింటాళ్ళు. ఆదోని వాళ్ళకు చెప్పాలంటే, రెండు పత్తి బేళ్ళకు కొంచెం తక్కువ. రెప్పపాటు సేపే కావచ్చు, కానీ ఓవరుకు ఆరుసార్లు. ఎడమచేత్తో వేసేవాళ్ళకు ఆ దెబ్బ తినేది కుడికాలు. చెల్లీ, మీ పాప ఏ చేత్తో వేస్తుందో నువ్వు రాయలేదు. నొప్పి కుడి మోకాలికే అన్నావు కాబట్టి అడుగుతున్నాను. పైగా గెంతుతూ, గిర్రున తిరుగుతూ ఆడే ఆటల్లో మోకాటి లోపలి నరం తెగడం మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో ఎక్కువ. తొడ కండరాలకు బలం చేకూరిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

పెరిగే వయసులో చిప్ప కిందుగా, బొడిపె దగ్గర నొప్పి రావడం మామూలే. ఆట తగ్గిస్తే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అలా కాకుండా కాలు మెలికపడి 'టప్'మని చప్పుడై వాచినా, నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టున్నా, ముడుచుకుని పట్టేసినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా అమృతాంజనంతో సరిపెట్టకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి. నెలన్నరయింది కాబట్టి మీ పాపను ఎలాగూ ఒకసారి చూపించు. నడుము ఒక పక్కనే రెండు మూడు వారాలు నొప్పిగా ఉన్నా అంతే. ఎముకలో సన్నని చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది, ఆడుకో" అని పంపేయకండి.

ఒకవేళ నరం తెగి ఆపరేషన్ అవసరమైతే తొమ్మిది నెలల లోపు మళ్ళీ మైదానంలో దిగకూడదు. కాలు బాగానే ఉందని ఆరో నెలలో పరిగెత్తినవాళ్ళే మళ్ళీ పడతారు. ఈ తొమ్మిది నెలలూ తల్లికి పరీక్షే. పిల్ల విసుక్కుంటుంది, ఏడుస్తుంది, పక్కింటివాళ్ళు పలకరింపు పేరుతో పొడుస్తారు.

బంతుల లెక్క ఉండాలి. పదిహేనేళ్ళ లోపు పేస్ బౌలర్లకు ఒక విడతలో 6 ఓవర్లు, రోజు మొత్తంలో 12 దాటకూడదని ఇంగ్లండ్ బోర్డు చాలా ఏళ్ళు నియమం పెట్టింది. మన వీధిలో లెక్కెవరు చూస్తారు? అన్నలు "ఇంకొక్క ఓవరే" అంటారు. అది మూడు గంటల దాకా సాగుతుంది. పాలవాడి లెక్క రాసే క్యాలెండర్ మీదే పక్కన పాప బంతుల లెక్కా రాయి.

తిండి సంగతి మనకు తెలిసిందే, చేసి పెట్టడమే తక్కువ. రాగి సంగటి, జొన్నరొట్టెలోకి నువ్వుల పొడి, వేరుశెనగ చట్నీ, పెరుగు, గుడ్డు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆట నుంచి రాగానే తినాలి. స్నానం, చదువు, సీరియల్ అన్నీ అయ్యాక కాదు.

ఇంకొకటి, మనం చెవిలో చెప్పుకునేది. ఎక్కువ ఆడి తక్కువ తినే పిల్లలకు నెలసరి ఆగిపోతుంది. "పోనీలే, ఆటకు అడ్డం లేదు" అని కొందరు సంతోషిస్తారు కూడా. వద్దు! ఎముకలు పలచబడుతున్నాయనడానికి అది హెచ్చరిక. మూడు నెలలు రాకపోతే డాక్టరును అడగాలి. కోచ్ మగవాడైతే పిల్ల చెప్పలేదు. నువ్వే అడగాలి.

ఇక నాయనమ్మగారు. పత్తి తీసి తీసి నడుము వంగిపోయినవాళ్ళు, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్ళి వచ్చినవాళ్ళు, ఎమ్మిగనూరు మగ్గం గుంటల్లో కాళ్ళు పెట్టి బతుకంతా నేసినవాళ్ళు మీ చుట్టూ ఎందరున్నారో ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. వాళ్ళ మోకాళ్ళ గురించి "ఎవరు చేసుకుంటారు" అని ఎవరూ అడగలేదు. ఈ మాట కోడలిగా నువ్వు అనకు, ఇల్లు రణరంగమవుతుంది. ఈ పేజీ ఆవిడకు చదివి వినిపించు, నన్ను తిట్టుకోనీ.

మానిపించేదా అన్నావు. రేపటి నుంచి బౌలింగ్ ఆపు, ఆట ఆపొద్దు. డాక్టరు చెప్పేదాకా పాప నిలబడి క్యాచ్‌లు పట్టుకోవచ్చు, స్కోరు రాయొచ్చు. యూపీ జట్టు 2024లో కూడా అంజలిని వదులుకోలేదని పాపకు చెప్పు. డాక్టరు ఏమన్నారో, పాప ఏ చేత్తో వేస్తుందో మళ్ళీ ఉత్తరం రాయి. ఈసారి ఉగ్గాని సంగతి చివర్లో పెట్టు.