వేంగికి వచ్చిన భిక్షువు, వెంట పుట్టిన వానరము



గత మాసమున మన ముచ్చట వంటయింటి గడప దాటలేదు. ఈ మాసమున అది చైనా, జపాను దేశముల దాక పోయి, మరల మన కొల్లేటి గట్టునకే చేరుకొనును. కావున పని తెమల్చుకొని తీరికగా చదువుడు.

గడచిన సంక్రాంతికి మా బావగారి కుమారుడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, కైకలూరు వచ్చి మా యింట నాలుగు దినములుండెను. భోగినాడు నేను అరిసెలకు పాకము పట్టుచుండగా ముందుగదినుండి పెద్ద రణగొణధ్వని వినవచ్చెను. తొంగిచూచితిని. ల్యాప్‌టాప్ తెరమీద ఒక వానరుడు నిలువెత్తు దండమును గిరగిర త్రిప్పుచు ఒక రాక్షసునితో పోరాడుచుండెను. పండ్రెండేండ్ల మా పిల్లవాడు అన్న ప్రక్కన కూర్చుండి రెప్పవేయక చూచుచుండెను. నన్ను చూచి, "అమ్మా, ఈయన మన ఆంజనేయస్వామేనా?" అని యడిగెను. పాకము ముదిరిపోవునను తొందరలో, "తరువాత చెప్తాను. ముందు ఆ గోల ఆపండి" అని కసరి వచ్చితిని. పండుగ సందడిలో ఆ "తరువాత" రానే లేదు.

కనుమనాటి రాత్రి భోజనములవేళ మా బావగారి కుమారుడే ఆ ప్రశ్నకు బదులు చెప్పెను. "పిన్నీ, ఆయన ఆంజనేయుడు కాదు. చైనావాళ్ల కోతిరాజు, సున్ ఊకోంగ్. ఆయన గురువు మాత్రం మన దేశానికి వచ్చినవాడే, హ్యూయన్‌త్సాంగ్." మావారు విస్తరి ముందే నవ్వి, "మన దేశానికేమిటి, మన వేంగికే వచ్చాడు" అనిరి. నేను నివ్వెరపోతిని. మా తండ్రిగారి యొద్ద అమరమును, మొల్ల రామాయణమును, భాగవతమును చదువుకొన్నదానను గాని, ఆ భిక్షువు నడచిన నేల మాకింత దాపున నున్నదని యెన్నడును తలపోయలేదు. నాటినుండి ఆ కథను వెదకి వెదకి చదివితిని. చదివినది మీతో పంచుకొనుచున్నాను.

హ్యూయన్‌త్సాంగ్ చైనా దేశపు బౌద్ధ భిక్షువు. సరియైన ధర్మగ్రంథములను తెచ్చుకొనవలెనను తపనతో 629 ప్రాంతమున, చక్రవర్తి యనుమతి లేకయే, రహస్యముగా దేశము విడిచెను. ఎడారులు, మంచుకొండలు దాటి వచ్చి, నాలందలో శీలభద్రుని యొద్ద చదివి, పిదప దక్షిణమునకు వచ్చెను. 640 ప్రాంతమున ఆతడు ఆంధ్రదేశము ప్రవేశించి, దాని రాజధానిని పింగ్‌కిలో అని వ్రాసెను. అది మన వేంగియే యనియు, నేటి ఏలూరునకు ఉత్తరముననున్న పెదవేగియే యనియు పండితులు పెక్కుమంది నిర్ణయించిరి. ఇచటి నేల సారవంతమనియు, ఎండ మెండనియు, ప్రజలు కోపిష్ఠులనియు ఆతడు వ్రాసెను. కోపమను మాట మన యిండ్లలోని మగవారికి వినిపింపకుడు! ఇరువదికి పైగా సంఘారామములును, వానిలో మూడువేలమంది భిక్షువులును ఉండిరట. మరియొక మాట నాకు మిక్కిలి ప్రీతి గలిగించినది. ఇచటి వారి భాషయు, మాటల కూర్పును మధ్యదేశము వారి దానికంటె వేరనియు, అక్షరములు మాత్రము దాదాపు ఒక్కటే యనియు ఆతడు గుర్తించెను. అనగా పదునాలుగు వందల యేండ్ల క్రిందట ఒక పరదేశి మన నేలమీద నిలిచి, మన మాట చెవియొగ్గి వినెనన్నమాట. ఆతడు 645లో 657 గ్రంథములతో స్వదేశము చేరి, మరుసటి యేట తన యాత్రాగ్రంథమును ముగించెను.

ఇది చరిత్ర. ఇక కథ యెట్లు పుట్టెనో చూడుడు.

ఆ భిక్షువు యాత్రను చైనా దేశపు కథకులు శతాబ్దముల తరబడి చెప్పుకొని చెప్పుకొని పెంచిరి. తుదకు 1592లో నూరు అధ్యాయముల పెద్ద నవలగా అది అచ్చుపడెను. దాని పేరు "పడమటి యాత్ర". ఊ చెంగ్‌ఎన్ అను నాతడు రచించెనని వాడుక. ఆ నవలలో నిజమైన యాత్రికుని ధైర్యమంతయు మాయమైనది! కథలోని భిక్షువు మంచివాడే గాని పిరికివాడు. మాటిమాటికి కంటతడి పెట్టును. ఎదుటివారి వేషమును చూచి మోసపోవును. ధైర్యమంతయు శిష్యుడైన వానరునకు పోయినది.

ఈ వానరుడు రాతినుండి పుట్టెను. డెబ్బదిరెండు రూపములు మార్చగలడు. ఒక్క గంతున లక్షా యెనిమిదివేల లీల దూరము దాటగలడు. లీ యనగా వారి కొలత. సముద్రపు లోతు కొలుచు ఇనుప దండమును సముద్రరాజు యొద్దనుండి తెచ్చుకొని, వలదన్నప్పుడు సూదియంత చేసి చెవిలో దాచుకొనును. స్వర్గముపైననే తిరుగబడగా బుద్ధుడు, "నా అరచేయి దాటగలవా?" అని పందెము వేసెను. వానరుడు లోకపు అంచుదాక ఎగిరితినని తలచి, అచట కనబడిన స్తంభముపై గురుతు వ్రాసి తిరిగివచ్చెను. ఆ స్తంభము బుద్ధుని వ్రేలే! అయిదువందల యేండ్లు కొండక్రింద నలిగి, పిదప భిక్షువునకు శిష్యుడయ్యెను. అదుపుకొరకు వాని తలకొక బంగారు వలయము తొడిగిరి. గురువు మంత్రము చదివినచో అది బిగిసి తల పగిలిపోవునంత బాధ పెట్టును.

మనవారికి నచ్చు ఘట్టము లందు పెక్కులు కలవు. స్త్రీలు మాత్రమే నివసించు రాజ్యమొకటి వచ్చును. అచటి యేటి నీరు త్రాగినవారికి గర్భము నిలుచును. తెలియక త్రాగిన గురువును, పందిమోము శిష్యుడును కడుపులు పట్టుకొని మూలుగుదురు! ఇది వ్రాసినవాడు పురుషుడే గాని ప్రసవవేదనను పరిహాసముగానైనను పురుషులకు రుచి చూపినందుకు ఆతనిని మనము మెచ్చుకొనవలెను.

ఇక మా పిల్లవాని ప్రశ్న. ఈ వానరుడు మన హనుమంతుడేనా? ఇదియే ప్రశ్నను పెద్ద పండితులును వేసికొనిరి. 1923లో హూ షీ అను చైనా పండితుడు ఈ వానరునకు మూలము మన రామాయణములోని హనుమంతుడే కావచ్చుననెను. లూ షున్ అను ప్రసిద్ధ రచయిత అది కాదని, చైనావారి పాతకథలలోని యొక నదీభూతమును చూపెను. ఆ వాదము నేటికిని తెగలేదు. అయినను రామకథను బోలిన బౌద్ధజాతక మొకటి, అందలి వానరరాజుతో సహా, మూడవ శతాబ్దముననే చైనా భాషలోనికి పోయినది. సుందరకాండ పారాయణము చేయువారికి సురస నోటిలో దూరి వెలువడిన ఘట్టము కంఠస్థమే గదా. ఊకోంగ్ సయితము ఒక రాక్షసస్త్రీ కడుపులో దూరి తాళలేనట్లు గంతులు వేయును.

పోలికకంటె భేదమే నన్ను ఆలోచింపజేసినది. మన హనుమంతుడు బాల్యమున ఋషులను విసిగించి, తన బలమును తాను మరచునట్లు శాపము పొందెను. సముద్రతీరమున జాంబవంతుడు గుర్తుచేయవలసి వచ్చెను. ఊకోంగ్ తన బలము నొక్క క్షణమును మరువడు. వానికి వలయము కావలసి వచ్చెను. ఒక వానరునకు జ్ఞాపకము చేయువారు కావలెను. మరియొకనికి అదుపు చేయువారు కావలెను. పిల్లలను పెంచు మనకు ఈ రెండు వానరములును ఒక్క శరీరముననే కనబడుచుండును. ఏ వేళ ఏది కావలెనో తెలిసికొనుటయే తల్లి పని. భోగినాడు నేను జాంబవంతుని పని చేయవలసిన చోట వలయము బిగించితిని.

ఈ చైనా నవలలు తమ దేశముతో ఆగలేదు. నూట యెనమండుగురు వీరుల కథయైన మరియొక నవలను చదివి, జపాను రచయిత బాకిన్ ఎనమండుగురు వీరుల మహాకథను 1814లో మొదలుపెట్టి, 1842 నాటికి 106 సంపుటములుగా వెలువరించెను. నడుమ ఆతని చూపు పోయెను. కుమారుడు అప్పటికే మరణించి యుండెను. అపుడు కలము పట్టినది కోడలు మిచి. ఆమెకు చైనా లిపి అక్షరములు అంతగా రావు. మామగారు ఒక్కొక్క అక్షరపు ఆకారము నోట చెప్పుచుండగా, నేర్చుకొనుచు, వ్రాయుచు ఆ గ్రంథమును కడముట్టించెను. ఇంటిపని చేసికొనుచునే ఒక దేశపు సాహిత్యమును నిలబెట్టిన ఆ కోడలికి నేను మనసులో నమస్కరించితిని.

1984లో జపానుననే తోరియామా అకిరా "డ్రాగన్ బాల్" అను బొమ్మలకథ మొదలుపెట్టెను. మన పిల్లలెరిగిన గోకు, ఆ వానరుడే; సున్ ఊకోంగ్ పేరునకు జపాను ఉచ్చారణయే సోన్ గోకు. 1985లో మూడు రాజ్యముల కథయను మరియొక చైనా నవల జపాను దేశమున కంప్యూటరు ఆటయయ్యెను. 2024 ఆగష్టు 20న చైనాలోనే "బ్లాక్ మిత్: ఊకోంగ్" వెలువడి, నాలుగు దినములు నిండకుండగనే కోటి ప్రతులు అమ్ముడయ్యెను. మా యింట భోగినాడు గోల చేసినది ఇదే. ఆ యాటకొరకు చైనాలోని 36 ప్రాచీన స్థలముల రూపములు తీసికొనిరట. వానిలో 27 షాన్‌షీ అను నొక్క రాష్ట్రములోనివి. ఆట వచ్చిన పిదప ఆ పాత గుడులను చూచుటకు జనము బారులు తీరిరి.

ఆట యనిన కొట్టుకొనుటయే యని నేను తలచితిని. మా బావగారి కుమారుని అడిగితిని. ఆటచివర ఆ బంగారు వలయము మరల తలకెక్కుననియు, దాగియున్న ఘట్టములన్నియు సాధించినవానికి మాత్రము వలయము లేని వేరొక ముగింపు కలదనియు చెప్పెను. నాలుగువందల యేండ్లనాటి నవలలోని చిక్కుప్రశ్ననే ఆ యాట నేటి పిల్లల చేతిలో పెట్టుచున్నది. చూడకయే కసరినందుకు సిగ్గుపడితిని.

మన దేశమున ఈ మార్గము లేకపోలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు పండ్రెండు సంపుటములు. అదియు గురుశిష్యుల యాత్రయే. కాశికి పోవు యతివెంట నడచుటకు పసులకాపరి పిల్లవాడు ఒక నియమము పెట్టును: దారిలో తానడిగిన వింత కెల్ల కథ చెప్పవలెను. 1951లో వచ్చిన "పాతాళభైరవి" చిత్రము ఆ కథల చలువయే యందురు. పిల్లవాడు అడుగుట, పెద్దవారు చెప్పుట, ఈ రెంటిమీదనే ఆ పండ్రెండు సంపుటములు నిలిచినవి.

పడమటి యాత్ర తుదిలో నొక ఘట్టము కలదు. వెళ్లునపుడు పెద్ద తాబేలొకటి యాత్రికులను వీపుపై మోసి మహానది దాటించి, "నాకు మనుష్యజన్మ మెప్పుడో బుద్ధుని అడిగి రమ్ము" అని భిక్షువును కోరును. ఆతడు మాట యిచ్చును. గ్రంథములతో మరలివచ్చి మరల దాని వీపెక్కగా, "నా మాట అడిగితివా?" అని తాబేలు ప్రశ్నించును. ఆతడు మరచినాడు. అది వారిని నడియేట ముంచివేయును. ఒడ్డున బండలమీద ఆరవేసిన గ్రంథములలో కొన్ని పుటలు అంటుకొని చిరిగిపోవును. ఇంత మహాయాత్ర చేసిన పుణ్యాత్ముడును, తనను మోసినదాని చిన్న ప్రశ్న మరచెను. ఇది చదివి పుస్తకము మూసి, పిల్లవానిని పిలిచితిని.

మరుసటి ఆదివారము మేము ముగ్గురము ఏలూరు మీదుగా బస్సులో పెదవేగి పోతిమి. అచట పురావస్తు శాఖవారు త్రవ్వగా బయల్పడిన పాత ఇటుక కట్టడముల జాడలు దిబ్బలపై నున్నవి. బారులు లేవు; మేమును, నాలుగు మేకలును. "ఆయన ఇక్కడే నడిచాడా అమ్మా?" అని పిల్లవా డడిగెను. "ఈ అడుగు మీదనే అని చెప్పలేను గాని ఈ నేలమీదనే" అంటిని. మావారు, కామవరపుకోట దాపున జీలకర్రగూడెము కొండపై గుంటుపల్లి గుహలు కలవనియు, అవి భిక్షువు రాకకు ఎన్నో శతాబ్దములకు ముందటివనియు చెప్పిరి. అది వచ్చునెల ప్రయాణమని పిల్లవాడు మాట తీసికొనెను. 2022లో జిల్లాలు మార్చినపుడు మా కైకలూరు ఏలూరు జిల్లాలో చేరెను. కాగితము మీద దాపైన వేంగి, ఆనాటికి మా మనసులకును దాపైనది.

తిరిగి వచ్చునపుడు చీకటిపడెను. బస్సు కిటికీనుండి చెరువుల నీరు మెరయుచుండెను. పిల్లవాడు నా భుజముపై తలవాల్చి, "ఇప్పుడు మన ఆంజనేయస్వామి తన బలం ఎందుకు మరచిపోయాడో చెప్పు" అనెను. ఈసారి "తరువాత" అనలేదు.

సోదరీమణులారా, మీ యింటి పిల్లలు ఏ యాటలో ఏ కథను కనిరో, ఏ ప్రశ్న అడిగిరో వ్రాయుడు. వచ్చు మాసమున వానినే ముచ్చటించుకొందము.